సుగ్గి నెలల లెక్క

మా లెక్కలు చూసే ఆడిటర్ గారికి నా వోచర్లంటే చికాకు. "ఏమ్మా, పేరు చూస్తే లక్షల ప్రాజెక్టు, ఫైలు తిప్పితే అంతా చిల్లరే" అంటారు ప్రతి ఏడాదీ. అబద్ధం కాదు. టీలు పన్నెండు. సెల్ రీచార్జి. జిరాక్సులు. ఆదోనికి బస్సు చార్జీలు: పోయేటప్పుడు రెండు ఫుల్లు, ఒక హాఫ్. వచ్చేటప్పుడు రెండు ఫుల్లు. ఒకసారి ఆ వోచర్ దగ్గర ఆయన పెన్ను ఆగింది. "హాఫ్ టిక్కెట్టు పోయింది కానీ తిరిగి రాలేదేం?" అన్నారు.

ఆ హాఫ్ టిక్కెట్టు పదకొండేళ్ల పిల్లది. ఆమెను కస్తూర్బా బాలికల గురుకుల బడిలో చేర్చి వచ్చాం. ఎందుకు చేర్చామో చెప్పాలంటే నా వృత్తి అంతా చెప్పాలి. అప్పుడు చెప్పలేకపోయా. "చదువు కోసం సార్" అన్నాను. ఆయన టిక్కు పెట్టారు.

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. బీకాం చదివి లెక్కలు రాయడానికి చేరా. మా దగ్గర ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాయగలిగింది నేనొక్కదాన్నే కావడంతో రెండో ఏటికల్లా ప్రపోజళ్లు కూడా నా మీదే పడ్డాయి. అంటే డబ్బు అడిగేదీ నేనే, ఖర్చయ్యాక లెక్క అప్పజెప్పేదీ నేనే. పిల్లల మీద హింస, నిర్లక్ష్యం జరగకముందే ఊరే అడ్డుకునేలా చేయడం మా పని అని ప్రపోజల్ మొదటి పేజీలో ఉంటుంది. ఆ పని చేసేవాళ్లు వేరే. వాళ్లకు నెలనెలా జీతం ఇప్పించడం నా పని.

సుగ్గి గురించి తెలియకపోతే మా ఊళ్లు అర్థం కావు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వైపు పోతే వానమీద బతికే సేద్యం. తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) ఉన్నా చివరి ఊళ్లకు నీళ్లు చేరేది అంతంత మాత్రం. పంట ఇంటికొచ్చినా రాకున్నా, దసరా దాటితే ఊళ్లోకి టెంపోలు, లారీలు వస్తాయి. గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీతకు మొదటి విడత పోతుంది. సంక్రాంతి తర్వాత మిరప కోతలకు రెండో విడత. ఉగాదికి తిరిగి వస్తారు. దీన్నే మావాళ్లు సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలమట, పండగ లాంటి మాట. మా దగ్గరకొచ్చేసరికి అది ఇంటికి తాళం వేసి పోవడం అయింది.

పాలు తాగే బిడ్డ తల్లితో పోతుంది. పది పన్నెండేళ్లొచ్చిన పిల్లను కూడా తీసుకుపోతారు, కాయకు చెయ్యి సాయం అవుతుందని. ఈ రెంటికీ మధ్య వయసు పిల్లలు జేజి (నాయనమ్మ) దగ్గర ఉండిపోతారు. జేజికి కళ్లు సరిగా ఆనవు, మోకాళ్లు లేవవు. ఒక జేజి దగ్గర నలుగురు కొడుకుల పిల్లలు కలిపి ఏడుగురు ఉన్న ఇల్లు నాకు తెలుసు. వీళ్ల కోసమే సర్వశిక్షా అభియాన్ వాళ్లు, ఇప్పుడు సమగ్ర శిక్ష, బడిలోనే సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. అవి సమయానికి తెరుచుకున్న ఏడాది మాకు సగం పని తగ్గుతుంది.

ఆరేళ్ల లోపు వాళ్లకు అంగన్‌వాడీ ఉంది. ఆ పైవాళ్లకు బడి ఉంది, మధ్యాహ్నం అన్నం ఉంది. మా లెక్కంతా సాయంత్రం బడి గంట కొట్టినప్పటి నుంచి మర్నాడు పొద్దున ప్రార్థన దాకా. ఆ పదహారు పదిహేడు గంటలకు ఏ శాఖా లేదు, ఏ పద్దూ లేదు.

ఆ గంటల కోసం మేం ఊరికి ఒక మనిషిని పెట్టుకున్నాం. ఎనిమిది ఊళ్లు, ఎనిమిది మంది ఆడవాళ్లు. అదే ఊరి కోడళ్లు, పొదుపు సంఘంలో ఉన్నవాళ్లు, ఎనిమిదో తరగతో పదో చదివినవాళ్లు. గౌరవ వేతనం నెలకు 3,000. వాళ్లలో ఒకామెను ఊరంతా బుక్కక్క అంటుంది. చంకలో ఎప్పుడూ పొడుగు రిజిస్టరు ఉంటుంది కాబట్టి. సుగ్గికి ఏ ఇంటివాళ్లు ఏ మేస్త్రీతో ఏ ఊరికి పోయారు, ఫోన్ నంబరు ఏంటి, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఇవన్నీ అందులో ఉంటాయి. "రాత్రి ఎక్కడ" అనే గడి నేను గీసింది కాదు. మొదటి ఏడాది నేనిచ్చిన ఫారంలో అది లేదు. ఆమే స్కేలు పెట్టి గీసుకుంది.

ఇక ఆ హాఫ్ టిక్కెట్టు సంగతి. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నా. పిల్లల పేరూ ఊరూ బయటపెట్టకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం అంటుంది. చట్టం లేకపోయినా చెప్పేదాన్ని కాదు.

బడి వదిలాక అందరూ ఇళ్లకు పోతుంటే ఒక పిల్ల మాత్రం బడి గోడ పక్కన కూర్చుంటోందని బుక్కక్క చూసింది. ఒకరోజు కాదు, వారం. ఏమీ అడగలేదు. అడిగితే పిల్ల ముడుచుకుపోతుందని ఆమెకు తెలుసు, మేం ఇచ్చిన మూడు రోజుల శిక్షణలో నేర్చుకున్న ముక్క కాదది. తను కూడా వెళ్లి పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంది. నాలుగో రోజు పిల్ల, "అక్కా, మా ఇంటికి రా" అంది. పోయింది. జేజి అరుగు మీద ఉంది. దగ్గరి బంధువు ఒకాయన లోపల కూర్చుని ఉన్నాడు. రోజూ వస్తాడట, జేజికి ఆకూవక్క, పిల్లకు కుర్‌కురే ప్యాకెట్టు తెస్తాడట. జేజి ఎంతో మెచ్చుకుంది. "కొడుకులు మర్సినా ఈ నాయన మర్సల్యా" అంది.

బుక్కక్క ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం వాళ్లింట్లో రిజిస్టరు రాసుకోవడం మొదలుపెట్టింది. తల్లికి ఫోన్ చేసింది. "మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చినాడక్కా, మద్దెలో యెట్ల వచ్చేది" అని అవతల ఏడుపు. కస్తూర్బా బడిలో మధ్యలో చేర్చుకోవడానికి నాలుగు తిరుగుళ్లు తిరిగాం. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఒక ఉద్యోగి నిజంగా సాయం చేశాడు. ఐదో తిరుగుడులో హాఫ్ టిక్కెట్టు తీసుకున్నాం.

ఏమీ జరగలేదు. అదే విషయం. ఆ మనిషి చెడ్డవాడని నేను రాయలేను, ఒట్టి మంచివాడేనేమో కూడా. పిల్ల ఎందుకు ఇంటికి పోలేదో ఈనాటికీ చెప్పలేదు, మేం అడగలేదు. ఈ పనిలో అనుమానంతోనే కాలం గడపాలి. రుజువయ్యేదాకా ఆగితే అది పోలీసుల పని అవుతుంది, మాది కాదు. ఆ మూడు నెలల రిపోర్టులో ఈ సంగతంతా ఒక వరస: "బాలికలకు గురుకుల ప్రవేశం: 1." డబ్బిచ్చినవాళ్లు దాన్ని విద్య కింద లెక్కేసుకున్నారు.

మొదట్లో నేనూ తెలివితక్కువగా రాసేదాన్ని. ప్రపోజల్‌లో ఉన్న 'నిర్లక్ష్యం' అనే మాటను అలాగే తెలుగులో బ్యానర్ మీద వేయించా. గ్రామ సమాఖ్య సమావేశంలో ఒకామె లేచింది. "మేమేం నిర్లచ్చం జేసినాం మేడం? వాళ్ల ముద్ద కోసరమే కదా యాడికో పోయి సచ్చేది?" అని కడిగేసింది. గదిలో ఎవరూ నా వైపు మాట్లాడలేదు. అప్పటి నుంచి ఊళ్లో ఆ మాట వాడం. రిజిస్టరులో 'ఇంట్లో పెద్దోళ్లు లేని పిల్లలు' అని ఉంటుంది. ఇంగ్లీషు కాగితాల్లో పాత మాటే ఉంది. అది లేకపోతే డబ్బు రాదు. ఒకే పిల్లవాడు రెండు భాషల్లో రెండు రకాలుగా ఉంటాడు. ఇంగ్లీషులో నేరం ఎవరిదో ముందే తేలిపోయినట్టుంటుంది.

మా సంస్థకు మొదటి పదేళ్లు డబ్బు వచ్చింది విదేశీ స్పాన్సర్ల నుంచి, పట్నంలోని ఒక పెద్ద సంస్థ చేతుల మీదుగా. ఒక్కో పిల్లకూ అవతల ఒక దాత. ఏడాదికి రెండు ఉత్తరాలు, ఒక బొమ్మ, ఒక ఫొటో. ఆ పద్ధతిని వెక్కిరించేవాళ్లు చాలామంది. బిడ్డల్ని బొమ్మల్లా చూపించి అడుక్కోవడమని అనేవాళ్లు, అందులో కొంత నిజం ఉంది. అయితే ఆ డబ్బుకు ఒక గుణం ఉండేది: పదేళ్లు ఆగకుండా వచ్చింది. ఒక ముసలావిడ ప్రతి ఉత్తరంలో ఒకటే అడిగేది, పిల్ల పొద్దున ఏం తింటుందని. మేం రాసేవాళ్లం: రాత్రి మిగిలిన జొన్న రొట్టె, పచ్చిమిరప కారం. లక్ష్యాలు, సూచికలు ఆమె అడగలేదు. తర్వాత వచ్చిన ఏ కంపెనీ కంటే ఆ ముసలావిడ ప్రశ్నే మా పనికి దగ్గరగా ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

2014 ఏప్రిల్ నుంచి కంపెనీల చట్టం 135వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. ఒక స్థాయి దాటిన కంపెనీ తన మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. మా అందరికీ పండగే అనుకున్నాం. ఏయే పనులకు పెట్టొచ్చో చట్టం ఏడో షెడ్యూలులో ఉంటుంది. దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. ఆకలి, ఆరోగ్యం, విద్య, పర్యావరణం ఉన్నాయి. అనాథలకు వసతి గృహాలు కట్టడం ఉంది. పిల్ల అనాథలా మిగలకుండా, ఇల్లు వదిలి పోకుండా చూడటానికి మాత్రం విడిగా మాట లేదు. దాన్ని విద్య గొడుగు కిందికో, స్త్రీ పురుష సమానత్వం కిందికో తోసి రాయాలి. అలా తోసి రాయడంలో నేను ఆరితేరాను.

ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. పేరు వద్దు. మంచివాళ్లే, ఎండలో మూడు ఊళ్లు తిరిగారు, జేజిల పక్కన కూర్చున్నారు. చివర్లో లాప్‌టాప్ తెరిచి, ఒక్కో బిడ్డకు ఖర్చెంత అని అడిగారు. చెప్పాను. ప్రాజెక్టు మొదలుకాక ముందు ఏడాదికి ఎన్ని కేసులు, తర్వాత ఎన్నికి తగ్గిస్తారు అన్నారు. అక్కడ ఆగాను. మేం ఊళ్లోకి పోయి పిల్లలతో, తల్లులతో మాట్లాడటం మొదలుపెడితే మొదటి రెండేళ్లు కేసులు పెరుగుతాయి సార్ అన్నా. అప్పటిదాకా నోరు విప్పనివాళ్లు విప్పుతారు కాబట్టి. ఆయన నా ముఖంలోకి చూసి, "పెరిగే గ్రాఫును మా బోర్డుకు చూపించలేను మేడం" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు.

మా ప్రతి ప్రపోజల్ మొదటి పేజీలో ఒకే అధ్యయనం ఉంటుంది, 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసింది. పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. సగానికి మించి, 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే, వాళ్లు నమ్మినవాళ్లే. పిల్లల్లో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క అంకెను ఇన్నేళ్లుగా అరగదీస్తున్నాం. చదివినవాళ్లంతా అయ్యో అంటారు. ఆ అయ్యో కింద అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఎవరికీ చెప్పలేదంటే, చెప్పడానికి ఆ పిల్లకు ఊళ్లో ఎవరున్నారు? ఆ ఎవరో ఒకరికి జీతం ఇవ్వమని మేం అడిగేది.

ఆ కంపెనీ ఒక ఏడాదికి డబ్బిచ్చింది. బడుల గోడల మీద మంచి తాకుడు, చెడు తాకుడు బొమ్మలు వేయించాం. కంపెనీ గుర్తున్న స్కూలు బ్యాగులు నాలుగు వందలు పంచాం. బ్యాగులు పిల్లలకు నచ్చాయి, ఇప్పటికీ కొన్ని జేజిల దూలాలకు వేలాడుతుంటాయి, విత్తనాలు పోసుకుని. బుక్కక్కలాంటి ఎనిమిది మంది వేతనం దగ్గరికొచ్చేసరికి అది పరిపాలనా ఖర్చు అన్నారు, ఐదు శాతం దాటకూడదన్నారు. 2021 సవరణ ప్రకారం ఆ ఐదు శాతం గీత కంపెనీ సొంత ఆఫీసు ఖర్చులకు గీసింది. ఊళ్లో పని చేసే మనిషి జీతానికి కాదు. నిబంధన ప్రింటు తీసి, ఆ వాక్యం కింద గీత గీసి పంపించా. చదివారు. "మా పాలసీ అంతే" అని జవాబొచ్చింది.

గోడకు రంగు ప్రాజెక్టు ఖర్చు. గోడ పక్కన కూర్చున్న పిల్ల దగ్గర కూర్చునే మనిషి ఓవర్‌హెడ్. ఇరవై రెండేళ్లలో డబ్బిచ్చేవాళ్లు మారారు, వాళ్ల ఫారాల్లో ఈ ఒక్క గడి మారలేదు.

ప్రభుత్వ డబ్బు గురించి అన్యాయంగా మాట్లాడను. 2009లో సమగ్ర బాలల పరిరక్షణ పథకం వచ్చాకే జిల్లాలో ఈ పనికంటూ ఒక కుర్చీ, ఒక బల్ల వచ్చాయి. ఇప్పుడది మిషన్ వాత్సల్య. కేంద్రం అరవై, రాష్ట్రం నలభై వంతున పెడతాయి. 2025-26లో దేశం మొత్తానికి కేంద్ర బడ్జెట్టు కేటాయింపు 1,500 కోట్లు. తండ్రి పోయిన పిల్లలకు, బంధువుల పంచన ఉన్నవాళ్లకు, మరికొన్ని కష్టాల్లో ఉన్నవాళ్లకు నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 లోపుండాలి. ఆ డబ్బు వల్ల హాస్టళ్ల పాలు కాకుండా తల్లి దగ్గరే ఉండిపోయిన పిల్లలు మా రిజిస్టర్లలోనే ఉన్నారు. నన్నడిగితే ఇదే అసలైన ముందుజాగ్రత్త. సుగ్గి పిల్లలకు మాత్రం అది వర్తించదు. వాళ్లకు అమ్మానాన్నలు ఉన్నారు కదా, ఆరు నెలలు మాత్రమే లేరు.

ఇబ్బంది క్యాలెండరు దగ్గర. సర్కారు ఏడాది, కంపెనీ ఏడాది మార్చి 31తో అయిపోతుంది. సుగ్గి ఉగాదితో అయిపోతుంది. ఉగాది కొన్నేళ్లు మార్చిలో, కొన్నేళ్లు ఏప్రిల్‌లో వస్తుంది. ఇది నేను చదువుకున్న ఏ మేనేజ్‌మెంటు పుస్తకంలోనూ లేదు.

ఒక ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. ప్రాజెక్టు మార్చి 31న ముగిసింది, రెండో ఏడాది మంజూరు 'పరిశీలనలో' ఉంది. ఎనిమిది మందికీ చెప్పాల్సి వచ్చింది, రేపటి నుంచి జీతం లేదు, మీ ఇష్టం అని. కొందరు కూలికి పోయారు. పోకేం చేస్తారు, వాళ్లకూ ఇళ్లున్నాయి. తల్లిదండ్రులు తిరిగి రావడానికి రోజులే ఉన్నాయనగా, మా ఎనిమిది ఊళ్లలో ఒకచోట జరగకూడనిది జరిగింది. అంతకు మించి రాయను.

ఆ తర్వాత డబ్బు కదిలిన తీరు చూశాను. పోక్సో కింద కేసు. అప్పటిదాకా ఫోన్ ఎత్తనివాళ్లు కార్లలో వచ్చారు. పరిహారం మంజూరైంది, రావాల్సిందే, అందులో తప్పేమీ లేదు. లాయరు ఫీజు మేం కడతామని ఒకరు, చదువు మేం చూస్తామని ఒకరు. కౌన్సెలింగ్‌కు ఒక ట్రస్టు. టీవీవాళ్లు. అంతా కలిపి కాగితం మీద వేసుకున్నా, అలవాటు. ఆ ఒక్క బిడ్డ పేరు మీద రెండు నెలల్లో కదిలిన సొమ్ము మా ఎనిమిది మంది రెండేళ్ల వేతనం కంటే ఎక్కువ. స్టేషన్ బయట వేప చెట్టు కింద ఆ తల్లి పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. సుగ్గి డబ్బులు ఇంకా కొంగులోనే ముడేసి ఉన్నాయి.

ఆ రోజు నుంచి నా బడ్జెట్లన్నీ ఏప్రిల్ 30తో ముగుస్తాయి. ఎవరైనా మార్చి అంటే సంతకం పెట్టను. దాని వల్ల రెండు ప్రాజెక్టులు పోగొట్టుకున్నామని మా కార్యదర్శి గారికి నా మీద కోపం ఉంది.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. సరిగ్గా ఆ రోజే లాక్‌డౌన్ మొదలైంది. పండక్కి బయల్దేరాల్సినవాళ్లు గుంటూరు మిరప చేలల్లోనే చిక్కుపడిపోయారు. ఇక్కడ జేజిల దగ్గర గింజలు అయిపోయాయి, బడులు మూతపడ్డాయి, హాస్టల్ ఊసు లేదు. మా ఎనిమిది మందికీ ఆ నెల ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పా. బుక్కక్క ఫోన్‌లో నవ్వింది. "మేడం, ఇప్పుడు జీతం సంగతి యెవురు అడిగినారు, బియ్యం పంపీ" అంది. ఆ రిజిస్టరు లేకపోతే ఏ ఇంట్లో ఎందరు పిల్లలున్నారో, ఎవరి తల్లి ఏ చేలో ఉందో తెలిసే దారి లేదు. మండల ఆఫీసు నుంచి కూడా ఆ రిజిస్టరే అడిగి ఫొటోలు తీసుకున్నారు.

అదే ఏడాది సెప్టెంబరులో విదేశీ నిధుల చట్టం మారింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు పంచకూడదు. పరిపాలనా ఖర్చు యాభై శాతం నుంచి ఇరవైకి దించారు. పట్నం సంస్థ మా పేరు పక్కన సున్నా వేసుకుంది. ఆ ముసలావిడ ఉత్తరాలు అప్పటికే ఆగిపోయాయి. ఉన్నా ఆగేవే. లెక్కలు దాచే సంస్థలున్నాయి, నాకు తెలుసు, నిఘా ఉండాల్సిందే. కానీ ఆ తూములో పెద్ద చేపలు మిగిలి చిన్న చేపలు ఎండిపోయాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లను అడగమని సలహా వచ్చింది. అక్కడా ఒక పేచీ. ఇండియా పాస్‌పోర్టు ఉన్నాయన తన సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాయన పంపితే విదేశీ విరాళమే. అందుకని ప్రేమగా ఫోన్ చేసినవాళ్లను మొదట పాస్‌పోర్టు గురించి అడగాల్సి వచ్చేది. పిల్ల సంబంధానికి వచ్చినవాళ్లను జీతం అడిగినట్టు ఉండేది. కాన్సాస్‌లో ఉండే ఒకాయన మాత్రం మంచి సంగతి చెప్పాడు. పిల్లల మీద హింస జరగకుండా చూసే పనికే ఒక నిధి అక్కడ 1980లోనే పెట్టారట, అమెరికాలో అదే మొదటిది. పెళ్లి లైసెన్సు ఫీజు మీద కొంత అదనంగా వసూలు చేసి అందులో వేశారు. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి, కొన్నిచోట్ల జనన ధ్రువపత్రం ఫీజులోంచి, కార్ల ప్రత్యేక నంబరు ప్లేట్లలోంచి తీస్తారు. నేను ఆ రాత్రంతా అదే ఆలోచించా. మన దగ్గర ఒక కల్యాణ మండపం అద్దె మీద వంద రూపాయలు వేసినా ఎంతవుతుందో! జరిగాక ఇచ్చే జాలి డబ్బు కాదది, పెళ్లి నాడే, పిల్ల పుట్టకముందే తీసి పక్కన పెట్టిన డబ్బు. ఆ ఊహ నాకు ఇప్పటికీ ఇష్టం. ఆయన పాస్‌పోర్టు అమెరికాదే.

మొన్న ఆగస్టు గ్రామసభకు నేనూ పోయా. పంచాయతీకి వచ్చే షరతుల్లేని నిధుల్లో ఐదు శాతం పిల్లల సంక్షేమానికి, రక్షణకు కేటాయించుకోవచ్చని మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం జిరాక్సు తీసి సర్పంచ్ చేతిలో పెట్టాం. ఆయన చదివి కార్యదర్శికి ఇచ్చాడు. కార్యదర్శి కుర్రాడు, కంప్యూటరులో ఏ పద్దు కింద ఎక్కించాలో తెలియక తల గోక్కున్నాడు. పంచాయతీ ప్రణాళికకు ఇచ్చిన తొమ్మిది అంశాల్లో మూడోది పిల్లలకు అనుకూలమైన పంచాయతీ కదా, అందులో రాయి నాయనా అన్నా. వీధి దీపాలు, మురుగు కాలువ గురించి గంటన్నర కొట్లాట అయ్యాక మా వంతు వచ్చింది. ఒకాయన, "మన పిల్లోళ్లను మనం జూసుకునేదానికి జీతమేంది?" అన్నాడు. బుక్కక్క జవాబు చెప్పలేదు. రిజిస్టరు తెరిచి ఆయన ఇంటి పేజీ చదివింది. పోయిన సుగ్గిలో ఆయన మనవళ్లు ఎన్ని రాత్రులు ఎవరింట్లో పడుకున్నారో. జనం నవ్వారు, ఆయనా నవ్వాడు. 12,000 రాశారు.

పన్నెండు వేలంటే నాలుగు నెలలు. సుగ్గి ఆరు నెలలు. ఏ నాలుగు అన్నది ఆడవాళ్లు బడి వరండాలో కూర్చుని తేల్చారు. మిరప కోతలప్పుడే ఎక్కువమంది పోతారు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా పెట్టండి అన్నాన్నేను. లెక్క ప్రకారం అదే సరి. ఒక జేజి గోడకు ఆనుకుని వింటోంది. ముగ్గురు కొడుకులూ సుగ్గికి పోయేవాళ్లే.

"పోయినంక ఈయమ్మ వచ్చి ఏం జేస్తాది? పోకముందు రావల్ల. యెవుర్ని యాడ ఇడిసిపెడతాండారో అప్పుడు అడగల్ల. లారీ యెక్కినంక నా మాట కొడుకులు ఇనరు, ఆయమ్మ మాట ఇంటారా?" అంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఏప్రిల్ తీసేయమన్నారు, వద్దన్నారు, ఉగాది ఎప్పుడో పంచాంగం చూడమన్నారు. చివరికి సెప్టెంబరు ఒకటి, జనవరి నుంచి మార్చి దాకా మూడు అని తేలింది. ఏప్రిల్‌లో పండగ వచ్చిన ఏడు ఆ మిగిలిన రోజులకు సంఘం నుంచి తలా ఇరవై వేసుకోవాలని. బుక్కక్క రిజిస్టరు చివరి అట్ట మీద రాసుకుంది. నా దగ్గరున్న వోచర్ పుస్తకంలో 'తలా ఇరవై'కి గడి లేదు. ఇంటికొచ్చి స్కేలు పెట్టి గీశా.